బాగున్న రోజులకూ ఒక డైరీ: మాథ్యూ మెకానహే ‘గ్రీన్‌లైట్స్’ నుంచి మనకు పనికొచ్చే పద్ధతి

సినిమా నటుల ఆత్మకథలు మనం ఎక్కువగా చదివేది కబుర్ల కోసం. ఎవరికి ఎవరితో పడలేదు, ఏ సినిమా ఎందుకు ఆగిపోయింది, ఎవరు ఎంత తీసుకున్నారు. హాలీవుడ్ నటుడు మాథ్యూ మెకానహే 2020 అక్టోబరులో తెచ్చిన ‘గ్రీన్‌లైట్స్’లోనూ ఆ సరుకుకు లోటు లేదు. టెక్సస్‌లో పుట్టి పెరిగిన కుర్రాడు, అమ్మానాన్నలేమో ఒకరినొకరు మూడుసార్లు పెళ్లి చేసుకుని రెండుసార్లు విడాకులు తీసుకున్నవాళ్లు. ఆ ఇంట్లో కబుర్లకు కొదవేముంటుంది! కానీ పెన్ను పక్కన పెట్టుకుని చదివితే అందులోంచి తెచ్చుకోదగ్గది ఒక పద్ధతి. మెకానహే కుర్రతనం నుంచీ డైరీ రాస్తున్నాడు. ముప్పై ఆరేళ్ల డైరీలు మూటగట్టుకుని, కరెంటు లేని ఎడారి చోటుకు వెళ్లి, 52 రోజులు ఒంటరిగా కూర్చున్నాక తేలిన పుస్తకమిది.

డైరీ రాసే అలవాటున్న వాళ్లలో చాలామంది మనసు బాగోలేనప్పుడే పుస్తకం తీస్తారు. అతనూ మొదట్లో అంతే. తర్వాత తీరు మార్చుకున్నాడు. పనులు సజావుగా సాగుతున్నప్పుడు కూడా రాయడం మొదలుపెట్టాడు: ఏం తింటున్నాను, ఎంతసేపు నిద్రపోతున్నాను, ఎవరితో తిరుగుతున్నాను. ఎప్పుడైనా బండి ఆగిపోతే ఆ పేజీలు తిరగేసి, అప్పుడు ఉండి ఇప్పుడు లేనిదేమిటో వెతుక్కునేవాడు. ఓటమికి పోస్టుమార్టం అందరూ చేస్తారు. గెలుపుకు చేసేవాళ్లు తక్కువ.

ఈ పద్ధతిని మన ఇంట్లో, మన ఉద్యోగాల మధ్య ఎలా నడపాలో చూద్దాం.

పుస్తకం, పెన్ను

రూళ్లున్న 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ చాలు. తేదీలు అచ్చేసిన డైరీ మాత్రం వద్దు. నాలుగు రోజులు రాయకపోతే ఆ తెల్ల పేజీలు వెక్కిరిస్తాయి, ఐదో రోజు పూర్తిగా మానేస్తారు. కొత్త సంవత్సరం డైరీలు సంక్రాంతి దాటకపోవడానికి ఇదొక కారణం. కొనగానే పేజీలకు నంబర్లు వేసి, మొదటి నాలుగు పేజీలు విషయసూచిక కోసం వదిలేయండి. ఎడమ పేజీలో మాత్రమే రాయండి. కుడి పేజీ, మూడు నెలల తర్వాత మీరే చదివి రాసుకునే మాటల కోసం. బాల్ పెన్ వాడండి, జెల్ ఇంకు కాస్త తడి తగిలితే అలుక్కుపోతుంది.

ఫోన్‌లో రాయకూడదా అంటే రాయొచ్చు. వెతకడం తేలిక కూడా. చిక్కల్లా ఏమిటంటే, ఏం వెతకాలో మీకు తెలిస్తేనే ఫోన్ చూపిస్తుంది. మర్చిపోయిన సంగతి కంటపడాలంటే పేజీలు తిప్పాల్సిందే.

నలుగురున్న ఇంట్లో పుస్తకం ఎవరో ఒకరు తెరుస్తారు, అది ఖాయం అనుకునే మొదలుపెట్టండి. పేర్లకు మొదటి అక్షరం చాలు. ఇతరుల గుట్టు అందులో ఎక్కించకండి. మీకు కావలసింది మీ రోజు ఎలా నడిచిందన్న వివరమే.

బాగున్న రోజును ఎలా రాయాలి

రోజూ రాయాలన్న నియమం పెట్టుకోకండి. వారానికి రెండు పేజీలు చాలు: ఒకటి బాగా గడిచిన రోజుది, ఒకటి చెడిన రోజుది. ఎనిమిది, పది నిమిషాలు, పది పన్నెండు వరుసలు. అదే రాత్రి రాయాలి, కుదరకపోతే మర్నాడు పొద్దున్న పనిలో పడేలోపు. మూడు రోజులు ఆగితే జ్ఞాపకం కథ అల్లేస్తుంది. జరిగింది పోయి, జరిగి ఉంటే బాగుండుననుకున్నది పేజీ ఎక్కుతుంది.

నిద్ర, తిండి, మనుషులు, డబ్బు, ఆ రోజు పట్టుకున్న ముఖ్యమైన పని. ఈ ఐదూ తప్పకుండా ఉండాలి. ఆరోది చాలామంది వదిలేసేది: ఆ రోజు దేనికి కాదన్నారు?

‘ఈరోజు చాలా హ్యాపీగా ఉంది, అంతా దేవుడి దయ’ అని రాస్తే మూడు నెలల తర్వాత దాన్నుంచి తెలిసేదేమీ ఉండదు. ఇలా ఉండాలి:

‘బుధవారం. రాత్రి 10.40కి పడుకున్నా, 5.50కి మెలకువ. ఫోను హాల్లో చార్జింగ్‌లో ఉంది, 8 దాకా ముట్టుకోలేదు. మూడు ఇడ్లీలు, అల్లం పచ్చడి. ఆఫీసులో 9.30 నుంచి 11 దాకా జీఎస్టీ లెక్క ఒక్కటే పట్టుకున్నా, అయిపోయింది. మధ్యాహ్నం క. తన ఫైలు కూడా చూడమంది, శుక్రవారం దాకా కుదరదన్నా. అప్పు వాయిదా పోగా ఖాతాలో 11,200. సాయంత్రం నాన్నతో పావుగంట ఫోను, మోకాలి నొప్పి ఊసు లేకుండా అంతా క్రికెట్టే.’

ఇందులో ‘సంతోషం’ అన్న మాటే లేదు చూడండి. ఎందుకు బాగుందో ఇప్పుడే తేల్చకూడదు. వివరం ఉంటే కారణం తర్వాత దొరుకుతుంది. కారణం ముందే రాసేస్తే వివరం రాయడం మానేస్తాం.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు, అదృష్టాన్నీ చేతనూ కలిపేయడం. బోనస్ పడింది, ట్రాఫిక్ లేదు, బాస్ సెలవులో ఉన్నాడు. ఇవి మీరు చేసినవి కావు. రాయండి, పక్కన ఒక చుక్క పెట్టండి. లెక్క వేసేటప్పుడు చుక్క ఉన్నవాటిని పక్కన పెట్టాలి. ఇంకొక పొరపాటు, ఎవరో చదువుతారన్నట్టు అందంగా రాయడం. వాక్యం మరీ బాగా కుదిరిందంటే అనుమానించండి. వదిలేసిన వారాన్ని తర్వాత గుర్తు చేసుకుని నింపే పని కూడా పెట్టుకోకండి, ఖాళీ వారం కూడా సమాచారమే.

మూడు నెలలకోసారి కూర్చోవడం

పదమూడు వారాలకు ఇరవై ఆరు పేజీలవుతాయి. రెండు మూడు తప్పినా ఫర్వాలేదు. 52 రోజుల ఎడారి మనకు కుదరదు, ఆదివారం రెండు గంటలు కుదురుతాయి. మొదటి విడత పెన్ను లేకుండా చదవండి. రెండో విడతలో కుడి పేజీ మీద రంగులు వేయండి. మెకానహే లెక్కలో పచ్చ దీపం అంటే ముందుకు పొమ్మన్నది, పసుపు అంటే నెమ్మదించమన్నది, ఎరుపు అంటే ఆపేసింది.

తర్వాత ఒక పట్టిక గీయండి. వరుసల్లో చేసిన పనులు, రెండు గళ్లలో బాగున్న రోజులు, చెడిన రోజులు. చెడిన రోజుల పేజీలు ఎందుకు రాయమన్నామో ఇక్కడ తెలుస్తుంది. ఉదాహరణకు, ఉదయం ఫిల్టర్ కాఫీ పన్నెండు మంచి రోజుల్లో పదకొండుసార్లు కనిపించిందనుకోండి. భలే అనిపిస్తుంది. పన్నెండు చెడ్డ రోజుల్లోనూ పదకొండుసార్లు ఉంటే? కాఫీకి ఏ సంబంధమూ లేనట్టే. ఫోను హాల్లో వదిలేయడం మంచి రోజుల్లో తొమ్మిది, చెడ్డ రోజుల్లో రెండు అని తేలితే మాత్రం పట్టుకోవాలి.

అంతటితో నమ్మేయకండి. పిల్లాడికి జ్వరం వచ్చిన రోజు పొద్దుటి నడకా ఉండదు, ఆ రోజు బాగానూ గడవదు. నడవకపోవడం వల్ల చెడిందా, చెడింది కాబట్టి నడవలేదా? తేల్చుకోవడానికి దారొకటే. ఆ ఒక్క పనిని పద్నాలుగు రోజులు, మనసున్నా లేకపోయినా చేసి చూడండి. ఒక్కసారికి ఒక్కటే. రెండు మూడు కలిపి మొదలుపెడితే ఏది పనిచేసిందో తెలియదు.

ఎరుపు గురించి ఒక మాట. ఎరుపు దీపాలన్నీ ఎప్పటికో ఒకప్పటికి పచ్చబడతాయన్నది పుస్తకం వాదన. మా లెక్కలో ఇది పుస్తకంలో కాస్త జారుడు చోటు. 1992 ఆగస్టులో, తొలి సినిమా షూటింగులో చేరిన కొద్ది రోజులకే, అతని తండ్రి చనిపోయాడు. ఆ దెబ్బ తనకేం నేర్పిందో అతను పుస్తకంగా రాసింది ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత. పోయిన నెల ఉద్యోగం పోయినవాళ్లు ఈ నెలే ‘అంతా మన మంచికే’ అని పచ్చ రంగు పూస్తే అది పైపూత. ఎరుపును కనీసం ఏడాది ఎరుపుగానే ఉంచండి. కొన్ని ఎప్పటికీ పచ్చబడవు, ఫర్వాలేదు.

కాదనే ముందు లెక్క

పుస్తకంలో అందరూ చెప్పుకునే ఘట్టం ఇది. వరసగా ప్రేమకథా కామెడీలు చేసి విసిగి, ఇక అలాంటివి చేయనని మెకానహే ఏజెంటుకు చెప్పేశాడు. ఒక సినిమాకు ఇవ్వజూపిన పారితోషికం 80 లక్షల డాలర్ల దగ్గర మొదలై కోటీ 45 లక్షల డాలర్ల దాకా పెరిగినా వద్దన్నాడు. ఆ తర్వాత దాదాపు ఇరవై నెలలు పనే లేదు. ఆ ఎడం దాటాకే 2011లో ‘ది లింకన్ లాయర్’, 2013లో ‘డాలస్ బయ్యర్స్ క్లబ్’, 2014 మార్చిలో ఆస్కార్.

ఇది చదివిన ఉత్సాహంలో రాజీనామా రాసేవాళ్లుంటారు. ఆగండి. అతని దగ్గర అప్పటికే ఇల్లూ డబ్బూ ఉన్నాయి. పని రాకపోవచ్చని ముందే కాబోయే భార్యతో మాట్లాడుకున్నాడు. ఏజెంటుకు సూటిగా చెప్పాడు. అనుసరించాల్సింది ఈ మూడింటిని. మీ ఇంటి ఖర్చు నెలకు 60,000 అనుకుంటే, ఇరవై నెలలకు 12 లక్షలు. దానికి ఆరోగ్య బీమా ప్రీమియం, పిల్లల ఫీజులు, ఊళ్లో పెద్దవాళ్లకు పంపేది కలపండి. అంత సొమ్ము చేతిలో లేకపోతే ఉద్యోగాన్ని కాదనకండి, అందులోని ఒక పనిని కాదనండి. ఆదివారం ఫోన్లు, అదనపు షిఫ్టు, మీది కాని ఫైలు. చిన్న ‘కాదు’ల ఫలితం మూడు నెలల పట్టికలోనే కనిపిస్తుంది.

దీనికంటే పనికొచ్చేది, పెద్దగా ఎవరూ చెప్పుకోనిది ఇంకొకటుంది. ఒక దశలో అతని చేతిలో ఐదు పనులుండేవి: నటన, కుటుంబం, స్వచ్ఛంద సంస్థ, సినీ నిర్మాణ సంస్థ, మ్యూజిక్ లేబుల్. ఐదింటిలోనూ బి గ్రేడే వస్తోందని, మూడింటిలో ‘ఏ’ గ్రేడు తెచ్చుకుందామని చివరి రెండూ మూసేశాడు. మీరూ మీ పనులన్నీ కాగితం మీద పెట్టి మార్కులు వేయండి. మీరొక్కరే వేస్తే లాభం లేదు. ఇంట్లో ఒకరి చేత, పనిచోట ఒకరి చేత వేయించండి. మూసేయాల్సింది తక్కువ మార్కుల పనే కావాలని లేదు. అమ్మను చూసుకోవడంలో మార్కులు తగ్గాయంటే అది ఆపాల్సిన పని కాదుగా. ఏది ఆపితే మిగతావాటి మార్కులు పెరుగుతాయో దాన్ని ఎంచుకోండి. చాలా ఇళ్లలో అది అపార్ట్‌మెంట్ అసోసియేషన్ పదవో, చుట్టం మొహమాటం మీద ఎత్తుకున్న చీటీల లెక్కో అయ్యుంటుంది.

1992లోనే అతను పది జీవిత లక్ష్యాలు రాసి పెట్టుకున్నాడు, రాసినట్టు తర్వాత మర్చిపోయాడు కూడా. తండ్రి కావడం, అమ్మకూ ఇంటివాళ్లకూ దగ్గరగా ఉండటం లాంటివే అందులో ఎక్కువ, ఉత్తమ నటుడి ఆస్కార్ పదింటిలో ఒకటి. మీరూ రాయండి, తేదీ వేయండి, నోట్‌బుక్ చివరి అట్టకు కవరు అతికించి అందులో పెట్టేయండి. రోజూ చూసుకోవాల్సిన పని లేదు.

కాపీ కొట్టకూడనివీ ఉన్నాయి. పాత్ర కోసం 20 కిలోలకు పైగా తగ్గడం అందులో మొదటిది. ఇంకా పెద్ద జాగ్రత్త ఏమిటంటే, ఇది గెలిచినవాడు రాసిన పుస్తకం. పెద్ద అవకాశం కాదనుకుని, ఆ తర్వాత ఫోను మోగనివాళ్లు ఆత్మకథలు రాయరు, రాసినా అచ్చు కావు. కాబట్టి ఏ నటుడి జ్ఞాపకాలు చదివినా, భానుమతి గారి ‘నాలో నేను’ అయినా సరే, అదృష్టానికి చుక్క, చేతకు గీత పెట్టుకుంటూ వెళ్లండి. గీతలే మన పట్టికలోకి రావాలి.

నిండిన నోట్‌బుక్కులను అటక మీద పడేయకండి. వానాకాలం చెమ్మకు కాగితాలు అంటుకుపోతాయి, పైగా పుస్తకాల పురుగు. మూత గట్టిగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, అట్ట మీద మొదలైన తేదీ, ముగిసిన తేదీ రాసి, బట్టల బీరువా కింది అరలో ఉంచండి. కలరా ఉండలు వేస్తే చిన్న గుడ్డలో మూటగట్టి, పిల్లలకు అందకుండా చూడండి. ఏడాదికోసారి ఎండ మరీ తగలని గాలిలో ఒక పూట ఆరబెడితే సరిపోతుంది.