హాలోవీన్ చాక్లెట్లలో జిలటిన్ ఉందో లేదో చూసుకోవడానికి చిన్న చిట్కా

జిలటిన్ అంటే జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే పదార్థం. అమెరికాలో ఉండే మనలాంటి శాకాహారుల ఇళ్లలో అక్టోబర్ 31 హాలోవీన్ రాత్రి ఇదే తలనొప్పి. పిల్లలు వేషాలు వేసుకుని ఇంటింటికీ తిరిగి బకెట్ నిండా చాక్లెట్లు తెచ్చుకుంటారు. ఆ బుల్లి ప్యాకెట్ల మీద చాలావరకు ఏం కలిపారో రాసుండదు, రాసినా కంటికి ఆనదు. పిల్లలేమో వేషం కూడా విప్పకుండా ఇప్పుడే తింటామని పేచీ.

అందుకే ఓ వారం ముందు సరుకులకి వెళ్లినప్పుడే, పంచడానికి అమ్మే పెద్ద సంచుల వెనకవైపు ఫొటోలు తీసి పెట్టుకోండి. పది పన్నెండు రకాలు చాలు, ఎక్కువ ఇళ్లలో ఇచ్చేవి అవే. మార్ష్‌మాలోల్లో, గమ్మీ బేర్లలో ఎక్కువగా జిలటిన్ ఉంటుంది. అమెరికాలో దొరికే మామూలు స్టార్‌బర్స్ట్‌లోనూ ఉంటుంది, స్కిటిల్స్‌లో ఉండదు.

హాలోవీన్ రోజు మనకు పనికొచ్చేవి పాతిక దాకా ఒక గిన్నెలో పోసి గుమ్మం దగ్గర పెట్టండి. పిల్లలు తెచ్చుకున్నవాటిలో జిలటిన్ ఉన్నది ఒకటి ఇస్తే గిన్నెలోంచి నచ్చింది ఒకటి. చేతిలోంచి లాక్కోవడం ఉండదు కాబట్టి పిల్లలు ఏడవరు, పైగా వాళ్లే ఉత్సాహంగా ఏరి ఇస్తారు. నాలుగేళ్ల లోపు పిల్లలకైతే గొంతులో అడ్డుపడే గట్టి బిళ్లలు కూడా ఇలాగే మార్చేయండి.

పల్లీలు, నట్స్ అలర్జీ ఉన్న పిల్లలకి మాత్రం ఈ ఫొటోలను నమ్ముకోకండి. ఒకే పేరున్న చాక్లెట్ అయినా సైజును బట్టి కలిపేవి మారవచ్చు. ఆ ప్యాకెట్ మీదే వివరాలు లేకపోతే ఇవ్వకండి.