హార్డ్ డిస్కుకు ఏ డాక్టరును పిలవాలి?

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర కంప్యూటర్లు బాగుచేసేవారిని నేను డాక్టర్లతో పోల్చి చూస్తాను: విండోస్ మళ్లీ ఎక్కించడానికి ఎంబీబీఎస్ స్థాయి చాలు, మదర్‌బోర్డు మీది చిప్పును మైక్రోస్కోపు కింద మార్చడానికి కంటి డాక్టరంతటి నిలకడైన చేయి కావాలి. హార్డ్ డిస్కు టక్కుటక్కుమంటే మాత్రం అది మెదడు ఆపరేషనే. లోపల డేటాను చదివి రాసే హెడ్డు అనే భాగం, డేటా ఉండే తిరిగే పళ్లేనికి కొన్ని నానోమీటర్ల ఎత్తులోనే తేలుతుంది కాబట్టి, మామూలు గదిలో మూత విప్పితే పడే దుమ్ము రేణువు కూడా ఇంటిల్లిపాది పెళ్లి ఫొటోలను శాశ్వతంగా చెరిపేయగలదు. అందుచేత వెంటనే కరెంటు తీసేయండి, పనిచేస్తుందేమోనని పదేపదే ఆన్ చేయకండి, హైదరాబాద్ దాకా వెళ్లవలసి వచ్చినా సరే, దుమ్ము చొరబడని క్లీన్ రూమ్ ఉన్న డేటా రికవరీ కేంద్రానికే దానిని అప్పగించండి.