శ్రీకాకుళం నుంచి తేలినీలాపురం దాకా: దారి పక్క వింతలను ఒక్కరోజులో చూసే పద్ధతి

శ్రీకాకుళం జిల్లాలో వింతలు చూడదలచినవారు ముందుగా 16వ నంబరు జాతీయ రహదారి మీది మోజు తగ్గించుకోవాలి. ఆ రోడ్డు ఒడిశా సరిహద్దు దాకా వేగంగా చేరుస్తుంది గాని, చూడదగినవన్నీ దానికి పక్కన, పల్లెల మధ్య ఉన్నాయి. పైగా వాటిలో ప్రతిదానికీ ఒక వేళ ఉంది కాబట్టి, దూరాన్ని బట్టి కాక పొద్దును బట్టి ప్రయాణం కూర్చుకోవాలి.

తెల్లవారగానే అరసవల్లి మీదుగా శ్రీకూర్మం వెళ్లండి. మార్చి రెండో వారంలోనో అక్టోబరు మొదట్లోనో వస్తే, ఉదయపు కిరణాలు అరసవల్లి సూర్యనారాయణస్వామి పాదాలను తాకడం చూడవచ్చు. మబ్బు పడితే మాత్రం ఎవరూ చేయగలిగింది లేదు. శ్రీకూర్మంలో కూర్మనాథుడు పడమటి ముఖంగా కొలువై ఉండడం వల్ల గుడికి తూర్పున ఒకటి, పడమర ఒకటి, రెండు ధ్వజస్తంభాలున్నాయి. ప్రాంగణంలో పెంచే నక్షత్ర తాబేళ్లను దూరం నుంచే చూడాలి.

పొద్దెక్కాక పొందూరు వైపు మళ్లాలి. అక్కడి సన్నఖాదీకి పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ పళ్ల వరుస ఏ యంత్రానికీ తీసిపోని దువ్వెన. పని జరిగే రోజున, పనివారి అనుమతితో మాత్రమే చూడండి. దారిలో ఆమదాలవలస దగ్గరి దన్ననపేటలో ఆగి, ఊరి పెద్దలను అడిగి, పెద్ద రాతిపలక కప్పిన బృహత్ శిలాయుగపు సమాధిని చూడాలి. మన పల్లెల్లో రాక్షసగుళ్లనే ఇలాంటి కట్టడాల పేరు ఎలా పుట్టిందో, ఆ రాతిపలకను మనుషులెలా ఎత్తారా అని తల గోక్కున్నప్పుడు అర్థమవుతుంది. దాని పైకెక్కి ఫొటోలు తీసుకోవడం తగదు.

మధ్యాహ్నం టెక్కలి మండలంలోని రావివలసకు చేరాలి. అక్కడి ఎండల మల్లికార్జునస్వామికి పైకప్పు లేదు. ఆ భారీ లింగం ఎండకూ వానకూ ఆరుబయటే ఉంటుంది, పేరులోని ఎండ అదే. స్థలపురాణం రామాయణంలోని వానరవైద్యుడు సుషేణుడి పేరు చెబుతుంది. పాదరక్షలు విప్పాలి గనుక నడినెత్తిన ఎండ ఉండగా వెళితే మీ కాళ్లే సాక్ష్యం చెబుతాయి, ఎండ కాస్త వాలాక వెళ్లడం మేలు. కార్తీక సోమవారాల రద్దీ తట్టుకోలేనివారు వేరే రోజు ఎంచుకోవాలి.

చివరిగా, సూర్యాస్తమయానికి గంట ముందు తేలినీలాపురంలో ఉండాలి. శీతకాలంలో ఈ ఊరి చెట్లన్నీ గూడబాతులకూ (పెలికాన్లకూ) ఎర్రకాళ్ల కొంగలకూ కాపురాలు. ఇవి సైబీరియా నుంచి వస్తాయని వినిపిస్తుంది గాని, ఈ జాతి గూడబాతులు దక్షిణాసియా, ఆగ్నేయాసియాలవే. మేతకు పోయిన పెద్దపక్షులు సాయంత్రం తిరిగి వచ్చి, తమ గొంతుసంచిలో పిల్లలను తలలు దూర్చనిచ్చి చేపలు తినిపిస్తాయి. బైనాక్యులర్స్ ఉంటే తీసుకెళ్లండి, హారన్ కొట్టకండి, కొత్త బట్టలతో మాత్రం ఆ చెట్ల కింద నిలబడకండి.