ఈఎస్‌జీ కొలువుకు ఇంటి చదువు – 4వ పాఠం: తగ్గింది పొగా, లెక్కా?

ఈఎస్‌జీ అంటే కంపెనీని పర్యావరణం, సమాజం, పాలన అనే మూడు కొలతలతో చూడటం. పోయిన పాఠంలో ఒక కంపెనీ బీఆర్‌ఎస్‌ఆర్ (పెద్ద లిస్టెడ్ కంపెనీలు ఏటా ఇచ్చే బాధ్యత, సుస్థిరత నివేదిక) చదివి, ఫండ్ మేనేజరుకు అరపేజీ నోట్ రాయమన్నాను. వచ్చినవాటిలో చాలా నోట్లు ఒకే చోట జారిపడ్డాయి: "రూపాయి టర్నోవరుకు ఉద్గారాలు 20 శాతం తగ్గాయి కాబట్టి కంపెనీ మంచిది." తప్పు నాది కూడా. ఏ గడి చూడాలో చెప్పాను గానీ దాన్ని ఎలా అనుమానించాలో చెప్పలేదు. బెజవాడ నుంచి ఒకమ్మాయి మాత్రం అడిగింది, "అమ్మకం పెరిగిందా సార్, ధర పెరిగిందా?" అని. అందుకే ఈ వారం ఇదే పాఠం, షేర్‌హోల్డర్ల ఓటింగ్ పాఠం వచ్చేవారానికి జరిపాను.

గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ అనుకుందాం. జనరేటరుకు ఏడాదికి 20,000 లీటర్ల డీజిల్, అద్దె రాబడి కోటి. అంటే లక్షకు 200 లీటర్లు. మరుసటి ఏడాది బస్తా అద్దె పెంచారు, రాబడి కోటీ పాతిక లక్షలైంది. బస్తాలు అవే, డీజిలూ అంతే. లక్షకు 160 లీటర్లు. 20 శాతం తగ్గిందా? తగ్గింది. ఒక్క లీటరైనా మిగిలిందా? లేదు. రైతు జేబులోంచి పోయిన డబ్బు కాగితం మీద పర్యావరణ ప్రగతి అయి కూర్చుంది! అద్దె తగ్గిస్తే పాపం అదే స్టోరేజీ కాలుష్యకారి.

అందుకే నేను ముందు మొత్తం ఉద్గారాలు ఎన్ని టన్నులో చూస్తాను, తర్వాత ఉత్పత్తి లెక్కన, రూపాయి లెక్క ఆఖరున. సొంత లారీలు అమ్మేసి కిరాయికి పెట్టుకున్నారేమో కూడా చూడండి. అప్పుడు ఆ డీజిల్ స్కోప్ 3లోకి, అంటే కంపెనీ కోసం బయటివాళ్లు చేసే ఉద్గారాల లెక్కలోకి, జారుకుంటుంది, ఆ గడి నింపడం కంపెనీ ఇష్టం. స్కోప్‌ల మిగతా సంగతి రెండో పాఠంలో ఉంది, మళ్లీ చెప్పను.

ఇంత రాద్ధాంతం ఎందుకంటే ఈఎస్‌జీ ఉద్యోగమే మారింది. ఒకప్పుడు ఈ పని ఎక్కువగా పెట్టుబడి పెట్టకూడదని పొగాకు, మద్యం కంపెనీల పేర్లు కొట్టేయడమే. పొగాకు బోర్డు ఉన్న గుంటూరులో ఆ జాబితా రాయడానికి నేను అక్కర్లేదు. 2023 జులైలో షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఈఎస్‌జీ ఫండ్లకు ఆరు వ్యూహాలు చెప్పింది, కొట్టివేత వాటిలో ఒకటి మాత్రమే. 2020 జులై నుంచి స్టివార్డ్‌షిప్ కోడ్ ప్రకారం మ్యూచువల్ ఫండ్లు తాము వాటా కొన్న కంపెనీలను గమనించాలి, వాటితో మాట్లాడాలి. దాంతో ఈ పని చేసేవారు షేర్ల అనలిస్టు పక్కకి చేరుతున్నారు. అక్కడ అడిగేది "ఈ డీజిల్ లాభాన్ని ఎంత కొరుకుతుంది?" అని.

అభ్యాసం: రెండు లిస్టెడ్ సిమెంటు కంపెనీలు, మూడేళ్ల బీఆర్‌ఎస్‌ఆర్‌లు. ఉద్గారాలు మొత్తం, టన్ను సిమెంటుకు, రూపాయి టర్నోవరుకు – మూడు వరుసలు రాయండి. లెక్క కంపెనీ ఒక్కదానిదా, అనుబంధ సంస్థలన్నీ కలిపా అన్నది సెక్షన్ ఎ లో ఉంటుంది. మూడేళ్లూ ఒకేలా లేకపోతే ఆ పోలిక చెల్లదు, ఇంకో కంపెనీ పట్టుకోండి. ఆదివారం లోపు పంపండి.