గంజాయికి అలవాటుపడ్డ పిల్లాడి అమ్మానాన్నలకు చుట్టాలు చేయాల్సిన పనులు

కొడుకు గంజాయి తాగుతున్నాడని తెలిసిన రోజు నుంచి అమ్మానాన్నలు నలుగురిలోకి రావడం మానేస్తారు. మీ అక్కాబావలే ఆ స్థితిలో ఉంటే "ఇన్నాళ్లూ ఎలా తెలియలేదే?" అని అడక్కండి. "రేపు పొద్దున ఆస్పత్రికి నేనూ వస్తా, ఓపీ చీటీ నేను రాయిస్తా" అనండి. సలహాలు ఇచ్చేవాళ్లు ఎలాగూ బోలెడుమంది.

మత్తు మాన్పించే సాయానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446, అమ్మానాన్నల సొంత దిగులుకి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416. రెండూ ఉచితమే. చికిత్సకు వెళ్తే పోలీసు కేసవుతుందని చాలామంది జంకుతారు. కానీ వాడకం కేసు ఉన్నా, ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట తనంతట తాను చికిత్సకు చేరితే మత్తుమందుల కేసులు చూసే ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్ విచారణ నుంచి మినహాయింపు ఇస్తుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే అది పోవచ్చు.

చుట్టాలు చెడగొట్టేది డబ్బు దగ్గరే. అమ్మ ఇవ్వనంటే వాడు పిన్నికి చేస్తాడు: "ఫోన్ పగిలింది, 500 ఫోన్‌పే చెయ్యి, అమ్మకి చెప్పకు." పిన్ని తర్వాత మావయ్య, ఆపైన అమ్మమ్మ. అందరూ ఒక మాట మీద ఉండాలి: చేతికి పైసా ఇవ్వం, ఫీజైతే కాలేజీకి, రిపేరైతే షాపుకి నేరుగా కడతాం. "అమ్మకి చెప్పకు" అన్న సంగతి ఆ పూటే అమ్మకి చేరాలి. ఈ కట్టుబాటు ఎక్కువగా అమ్మమ్మ దగ్గరే సడలుతుంది, ఆవిడతో ముందే నెమ్మదిగా మాట్లాడండి.

గంజాయి మానిన ఒకటి రెండు రోజుల్లో చిరాకు, నిద్రలేమి, అన్నం సయించకపోవడం మొదలవుతాయి. మొదటి వారం గట్టిగా ఉండి, చాలామందిలో 2 వారాలకు నెమ్మదిస్తాయి. ఆ రాత్రులు వంతులేసుకుని కాపలా ఉండండి. నిద్రలేని తల్లి నోటి నుంచే మర్నాటి గొడవ మొదలవుతుంది. చెల్లెలికి పరీక్షలుంటే మీ ఇంటికి తీసుకెళ్లండి. లేని గొంతులు వినిపిస్తున్నాయన్నా, చచ్చిపోతానన్నా వెంటనే ఆస్పత్రికి.

రోజూ మద్యం కూడా తాగుతుంటే ఇంట్లో పెట్టి ఒక్కసారిగా మాన్పించొద్దు. రెండు రోజుల్లోపే ఫిట్స్ రావచ్చు. "తెలియకుండా అన్నంలో కలపండి" అని ఎవరైనా ఇచ్చే పొడి అసలు వద్దు. అందులో డైసల్ఫిరామ్ (మద్యం మాన్పించడానికి డాక్టర్లు ఇచ్చే మందు) ఉండి, పైన మద్యం పడితే బీపీ పడిపోయి ప్రాణం మీదకొస్తుంది.

డీఅడిక్షన్ సెంటర్ (మత్తు మాన్పించే కేంద్రం) చూడ్డానికి బావగారితో మీరూ వెళ్లండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా, సైకియాట్రిస్టు ఏయే రోజుల్లో వస్తారు అని అడగండి. గొలుసులతో కట్టడం ఆ చట్టం ప్రకారం నిషేధం. "మనుషుల్ని పంపి ఎత్తుకొస్తాం, 3 నెలలు మీరు రాకూడదు" అంటే అడ్వాన్స్ కట్టకుండా వచ్చేయండి.