రాజధాని మాట వచ్చినప్పుడు ఎదుటి పక్షం వారితో దయగా మెలగడం ఎలా?

ఆంధ్రప్రదేశ్‌లో అమరావతి రాజధాని ప్రాంతంలోని తుళ్లూరు వైపు కుటుంబం, రాయలసీమలోని కర్నూలు వైపు కుటుంబం వియ్యమందితే, పెళ్లి పంక్తిలో వడ్డన పూర్తికాక ముందే గొంతులు పెరగడానికి రాజధాని ప్రస్తావన ఒక్కటి చాలు. అటువంటి చోట మన అభిప్రాయాన్ని వదులుకోకుండానే ఎదుటివారి మనసు నొప్పించకుండా మాట్లాడవచ్చు. అందుకు కొంత సిద్ధపాటు అవసరం.

అన్నిటికంటే ముందు, ఎదుటివారి వాదన వెనుక ఉన్న నష్టం ఏమిటో తెలుసుకోండి. రాజధాని కోసం రైతుల నుంచి పొలాలు తీసుకుని బదులుగా కౌలు, ప్లాట్లు ఇచ్చే భూసమీకరణలో తుళ్లూరు రైతు మెట్ట భూమి ఇచ్చి ఉంటే, ఎకరాకు ఏటా 30,000 రూపాయలతో మొదలై పదేళ్లపాటు పెరుగుతూ వచ్చే కౌలునూ, 1,000 గజాల నివాస స్థలాన్నీ, 250 గజాల వాణిజ్య స్థలాన్నీ నమ్ముకుని సాగు మానుకున్నాడు. 2019 డిసెంబరులో అమరావతి, విశాఖపట్నం, కర్నూలు అంటూ మూడు రాజధానుల ప్రకటన వెలువడేసరికి అతనికి దున్నుకోవడానికి పొలం లేదు, అమ్ముకుందామంటే ప్లాటుకు ధర లేదు. కర్నూలు పెద్దాయనది మరో బాధ. రాజధాని, హైకోర్టు వేర్వేరు ప్రాంతాలలో ఉండాలని, ఏది కావాలో ఎంచుకునే అవకాశం సీమకే ఇవ్వాలని కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య కుదిరిన 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక చెప్పింది. 1953 అక్టోబరు 1న కర్నూలుకు దక్కిన ఆంధ్ర రాష్ట్ర రాజధాని 1956 నవంబరు 1న హైదరాబాదుకు తరలిపోయింది. కర్నూలును న్యాయ రాజధాని చేస్తామన్న మాట ఆయన చెవికి రాజకీయ ఎత్తుగడలా కాక, చాలాకాలంగా రావలసిన బాకీలా వినిపించడంలో వింతేమీ లేదు. ఈ ఇద్దరిలో ఎవరి బాధా కల్పితం కాదని ఒప్పుకోనిదే దయ సాధ్యం కాదని నా నమ్మకం.

అందుకే ప్రశ్నను జాగ్రత్తగా ఎంచుకోవాలి. "ఆ పార్టీకి ఎలా వేశారండీ ఓటు?" అని అడిగితే మనిషి వెంటనే ముడుచుకుపోతాడు. "బావగారూ, మీరు ఇచ్చింది మెట్టా, జరీబా (నీటి వసతి ఉన్న భూమి)? కౌలు డబ్బు వేళకు పడిందా?" అని అడగండి, లేదా "మీ నాన్నగారి రోజుల్లో కర్నూలులో రాజధాని గురించి ఏమనుకునేవారు?" అని అడగండి. జవాబు పూర్తయ్యేదాకా మధ్యలో అందుకోకుండా వినండి. ఆ తర్వాత మీ అభిప్రాయాన్ని దాచకుండా చెప్పండి, ఎందుకంటే లోపల ఒకటి పెట్టుకుని పైకి తలూపడం ఎదుటివారిని గౌరవించడం అనిపించుకోదు.

కొన్ని మాటలు మాత్రం పూర్తిగా మానుకోవాలి. అమరావతి కోసం ఏళ్ల తరబడి దీక్షా శిబిరాల్లో కూర్చున్న ఆడవాళ్లను పెయిడ్ ఆర్టిస్టులనడం, సీమవాసి నోరు విప్పగానే ఫ్యాక్షనిస్టు అనడం ఎదుటివారి అనుభవాన్నే అబద్ధమని కొట్టిపారేయడమవుతుంది. వాట్సాప్ గ్రూపులో అటువంటి పోస్టు కనిపిస్తే అందరి ముందూ జవాబివ్వకుండా, పంపినవారికి విడిగా ఫోన్ చేయండి.

ఫలితాల రోజున మరింత జాగ్రత్త కావాలి. 2024 ఎన్నికల్లో 175 అసెంబ్లీ స్థానాలకు తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమికి 164, వైఎస్సార్ కాంగ్రెస్‌కు 11 వచ్చాయి. పోలింగ్ నాడూ ఆ తర్వాతా పల్నాడులో, తాడిపత్రిలో జరిగిన గొడవలు అందరికీ గుర్తే. గెలిచినవారు ఓడిన ఏజెంటు గుమ్మం ముందు టపాసులు కాల్చకుండా తమ పిల్లలను ఆపగలిగితే, ఊళ్లో ఎన్నో పగలు పుట్టకముందే సమసిపోతాయి.

అయితే కులం పేరుతో తిట్టేవారినీ, చేయిచేసుకుంటామని బెదిరించేవారినీ భరించవలసిన అవసరం ఎవరికీ లేదు. అది తప్పని స్పష్టంగా చెప్పి అక్కడి నుంచి లేచి వెళ్లిపోండి; బెదిరింపు గట్టిదైతే పోలీసులకు చెప్పండి.

మాట అప్పటికే పట్టింపుదాకా వెళ్లి ఉంటే, అధికారంలో ఉన్న పార్టీ వైపు మనిషే ముందుగా ఫోన్ చేయాలి, ఎందుకంటే ఓడినవారు ముందుగా పలకరిస్తే ఏదో పని కోసం వచ్చారన్న నింద పడుతుంది. ఆ మొదటి ఫోన్‌లో రాజధాని ఊసు వద్దు. అమ్మాయి ఎలా ఉందో, వానలు పడ్డాయో లేదో, ఈసారి మిర్చి ఎంతలో వేశారో అడిగి, పండక్కి రమ్మని పిలిస్తే సరిపోతుంది.