ఇనుప రజనుతో అయస్కాంత క్షేత్రం బొమ్మ: చెడగొట్టకుండా చేయడం ఎలా?

ఫిబ్రవరి 28 సైన్స్ డే దగ్గరపడుతోందంటే మా అపార్ట్‌మెంట్‌లో నాకు డ్యూటీ పడుతుంది. "అమ్మమ్మా, రజను ఉందా?" అంటూ ఒకరి తర్వాత ఒకరు బెల్ కొడతారు. ఇరవై ఏళ్లకు పైగా ఫిజిక్స్ లాబ్‌లో పిల్లల చేత ఈ బొమ్మ వేయించాను. రిటైరై బెంగళూరుకు, అబ్బాయి దగ్గరికి వచ్చేశాక కూడా అదే పని. రజను అడిగేవాళ్లు ఉన్నారు గానీ, ఎలా చల్లాలని అడిగేవాళ్లే లేరు. ఎగ్జిబిషన్‌కి వెళ్లి చూస్తే ఏముంటుంది? కాగితం మీద రెండు నల్లటి గడ్డాలు, చుట్టూ బూడిద, కింద స్కెచ్ పెన్నుతో "అయస్కాంత క్షేత్రం" అని అక్షరాలు. క్షేత్రం మాత్రం, అంటే అయస్కాంతం ప్రభావం చుట్టూ పరుచుకున్న తీరు, ఎక్కడా ఉండదు. అందుకే ఇది రాస్తున్నా.

సామాను పెద్దగా ఏమీ లేదు. ఎరుపు, నీలం రంగులున్న మామూలు దండాయస్కాంతం ఒకటి, వీలైతే రెండు. ఎస్పీ రోడ్‌లో నాలుగు కొట్లు తిరిగితే దొరుకుతుంది. ఏ4 సైజు తెల్లటి దళసరి చార్టు ముక్క, ప్లాస్టిక్ టీ జాలీ, పెన్సిల్, అయస్కాంతం అంత మందం ఉన్న పుస్తకాలు నాలుగు (స్పైరల్ బైండింగ్‌వి వద్దు, ఆ తీగ ఇనుమే), పెయింట్ల షాపులో దొరికే రంగులేని లాకర్ (వార్నిష్ లాంటి పూత) స్ప్రే డబ్బా, కాస్త రజను. అంతే.

వెండిలా మెరిసే నియోడిమియం అయస్కాంతం బిళ్లలు మాత్రం తేవద్దు. "అవి పవర్‌ఫుల్ కదా" అంటారు. అదే తంటా. చల్లిన పొడినంతా దగ్గరికి లాక్కుని ముళ్ల పందిలా కూర్చుంటాయి, బొమ్మ రాదు. పైగా వేళ్లు నలుగుతాయి. ఇంట్లో చిన్నపిల్లలుంటే అసలే వద్దు. రెండు బిళ్లలు మింగారంటే పేగుల్లో ఒకదాన్నొకటి పట్టుకుని మధ్యలో ఉన్న గోడకి చిల్లు పెడతాయి, ఆపరేషన్ దాకా పోతుంది. పేస్‌మేకర్ ఉన్న పెద్దవాళ్ల దగ్గరికీ వీటిని తీసుకెళ్లకూడదు.

రజను కోసం డబ్బు పెట్టక్కర్లేదు. పీణ్యాలో లేత్ వర్క్‌షాపులు బోలెడు. అడిగితే కవర్‌లో పోసిస్తారు. కాకపోతే లేత్ కింద పడే ఉంగరాల చుట్టలు మనకి పనికిరావు. వైస్‌లో బిగించి ఆకురాయితో రాస్తే రాలే పొడి కావాలి. ఆ పొడిలో ఇత్తడి కలిసి ఉంటే అంటదు, స్టెయిన్‌లెస్ స్టీలు చాలా రకాలు అంటవు. కవర్ బయటి నుంచి అయస్కాంతం ఆనించి చూస్తే ఎంత పనికొస్తుందో తెలిసిపోతుంది. తెచ్చిన పొడికి నూనె ఉంటుంది. సర్ఫ్ నీళ్లలో రెండుసార్లు కడిగి, పేపర్ మీద పల్చగా పరిచి వెంటనే ఎండలో పెట్టండి. నిదానిస్తే తుప్పు పడుతుంది. చిన్నప్పుడు పాత స్పీకర్ అయస్కాంతానికి దారం కట్టి ఇసుకలో ఈడ్చుకుంటూ తిరిగేవాళ్లం, నల్లటి మీసాల్లా పట్టుకొచ్చేది. ఆ నల్ల ఇసుకలో అంటుకునేది మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం. దానితోనూ చేయొచ్చు. అయితే అరిగిపోయిన గుండ్రటి గింజలతో గీతలు అంత తీరుగా రావు. ఆకురాయి పొడిలో గింజ కాస్త పొడుగ్గా ఉంటుంది కాబట్టి ఎటు తిరిగిందో కనిపిస్తుంది.

ఇక అమరిక. హాల్లో నేల మీదే చేయండి. ఫ్యాన్ ఆపేయండి. ఇనుప టేబుల్ మీద పెట్టారంటే ఆ రేకు క్షేత్రాన్ని కిందికి లాగేసుకుంటుంది, పైన బొమ్మ వెలవెలబోతుంది. అయస్కాంతాన్ని పాలిథిన్ కవర్‌లో చుట్టి, చుట్టూ నాలుగు పుస్తకాలు పెట్టి, పైన చార్టు పరవండి. చార్టు ఎక్కడా జారకూడదు, మధ్యలో కుంగకూడదు. కవర్ మర్చిపోయి అయస్కాంతానికి రజను అంటించుకున్నవాళ్లు ఆ సాయంత్రమంతా దాన్ని గోకుతూ కూర్చుంటారు. అప్పుడు చపాతీ పిండి ముద్ద అద్దుతూ పోతే చాలావరకు వదులుతుంది. ఆ ముద్దని పారేయండి, చపాతీ చేయకండి.

ఇక్కడిదాకా ఎవరైనా చేస్తారు. బొమ్మ చెడేది చల్లడం, తట్టడం దగ్గరే.

చాలామంది రజనుని చేత్తో తీసి ముగ్గు వేసినట్టు అయస్కాంతం ఉన్నచోటే పోస్తారు. తప్పు. జాలీలో అర టీస్పూన్ రజను వేయండి, ఏ4 కాగితానికి అంతకు మించి వద్దు. కాగితానికి అడుగు ఎత్తున జాలీ పట్టుకుని వేలితో అంచుని తడుతూ, బయటి అంచుల నుంచి లోపలికి రండి. అంత ఎత్తు ఎందుకంటే, దగ్గర నుంచి చల్లితే గింజలు ధ్రువం వైపు ఎగిరి వాలతాయి, జాలీలో ఉన్నవి కూడా గుంపు కడతాయి. పై నుంచి రాలితే అన్నిచోట్లా సమంగా పడతాయి. నిజం చెప్పాలంటే అయస్కాంతానికి సరిగ్గా పైన చల్లనే అక్కర్లేదు, ఎలాగూ చేరతాయి. చల్లడం అయ్యేసరికి కాగితం తెలుపే ఎక్కువ కనిపించాలి. "చాలలేదేమో" అని మీకు అనుమానం రావాలి. ఆ అనుమానం వచ్చినప్పుడు జాలీ పక్కన పెట్టేయండి.

ఇప్పుడు తట్టడం. దీనికి ముందు లోపల ఏం జరుగుతుందో ఒకసారి ఊహించుకోండి. కాగితం మీద పడ్డ ప్రతి గింజా ఆ క్షేత్రంలో తానూ ఒక చిన్న అయస్కాంతం అయిపోతుంది. క్షేత్రం ఎటుంటే అటు తిరగాలని చూస్తుంది. కాగితం గరుకుతనం తిరగనివ్వదు. మనం తట్టినప్పుడు గింజ రవ్వంత పైకి లేస్తుంది, ఆ క్షణం పట్టు వదులుతుంది, తిరిగి కింద పడుతుంది. పక్క గింజ తోకని దీని తల పట్టుకుంటుంది, అలా గొలుసులవుతాయి. మనకి కావలసింది ఇదే. కానీ గాల్లో ఉన్న ఆ క్షణంలోనే ఇంకోటీ జరుగుతుంది: క్షేత్రం ఎక్కడ బలంగా ఉంటే అటు, అంటే ధ్రువం వైపు, గింజ కొంచెం జరుగుతుంది. తిరగడానికి కొన్ని తట్లు చాలు. జరగడం మాత్రం తట్టిన కొద్దీ పోగవుతూనే ఉంటుంది. గడ్డాలు పుట్టేది అలాగే. పిల్లలు గీతలు కనపడగానే ఉత్సాహంతో ఇంకా తడతారు. పదిహేనో తట్టుకి మధ్యలో ఉన్న వంపు గీతలన్నీ పల్చబడి, రెండు చివరలా జుట్టు కుచ్చులు మిగులుతాయి.

అందుకని ఏడు తట్లు. ఆరూ కాదు, ఎనిమిదీ కాదు, నా లెక్క ఏడు. పెన్సిల్ వెనక భాగంతో, కాగితం మూల దగ్గర, నిలువుగా పై నుంచి కిందికి. ఒక మూల తట్టాక దానికి ఎదురు మూల. పక్కకి కొడితే గింజలు దొర్లుతాయి, గీతలన్నీ ఒకవైపు ఒరుగుతాయి. కత్తెరతో, స్టీలు స్కేలుతో తట్టకూడదని వేరే చెప్పాలా? మా కింది ఫ్లోర్ అబ్బాయి పోయినేడు గోటితో కాగితాన్ని కింది నుంచి మీటాడు. మధ్యలో రూపాయంత ఖాళీ పడింది. "పర్లేదు అమ్మమ్మా, అక్కడ ఇంకొంచెం చల్లుతా" అన్నాడు. అలా అతుకులు వేయకూడదు. గొలుసులు కట్టేసిన దాని మీద కొత్త పొడి పడితే అది పైన మసిలా కూర్చుంటుంది. చెడిందంటే మొత్తం దులిపి మొదటి నుంచి చేయడమే. నోటితో ఊదకండి, కళ్లలో పడుతుంది. నేనూ ప్రతి బొమ్మకీ రెండు మూడుసార్లు దులుపుతాను.

రెండు అయస్కాంతాలుంటే సజాతి ధ్రువాలు (ఉత్తరానికి ఉత్తరం, లేదా దక్షిణానికి దక్షిణం) ఎదురెదురుగా నాలుగు వేళ్ల దూరంలో పెట్టి చూడండి. గీతలు ఒకదాన్నొకటి తోసుకుని పక్కలకి విరుచుకుంటాయి, నడుమ ఏ గీతా చేరని చోటు ఒకటి మిగులుతుంది. అక్కడ రెండు క్షేత్రాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. ఒకే అయస్కాంతం బొమ్మకన్నా నాకు ఇదే ఇష్టం.

బొమ్మ కుదరగానే, స్ప్రే చేయకముందే ఫోటో తీసుకోండి. ఫోన్ చాచిన చేతి దూరంలోనే ఉండాలి. దాని స్పీకర్‌లోనూ అయస్కాంతం ఉంటుంది, రజనుని స్పీకర్ మీది సన్నటి జాలీలోకి లాక్కుంటే ఇక అది రాదు.

బొమ్మని చెరగకుండా నిలబెట్టే పద్ధతి కొత్తదేమీ కాదు. 1851లో శాస్త్రవేత్త ఫారడే మైనం కాగితం మీద ఇలాగే రజను బొమ్మలు అతికించాడు, వాటిలో కొన్ని ఈ రోజుకీ ఉన్నాయి. మనం మైనం జోలికి పోనక్కర్లేదు, లాకర్ చాలు. డబ్బాని కాగితానికి రెండడుగుల పైన పట్టుకుని, కాగితం మీదికి గురిపెట్టకుండా గాల్లో అడ్డంగా కొట్టండి. తుంపర దానంతట అదే మంచులా దిగాలి. పది నిమిషాలాగి ఇంకో పూత, మళ్లీ ఆగి మూడోది. అయస్కాంతం కింద అలాగే ఉండనివ్వాలి. అరగంట తర్వాత కాగితాన్ని రెండు చేతులతో నిట్టనిలువుగా ఎత్తండి, పక్కకి జరపవద్దు. కిటికీలు తీసి ఉంచండి, దగ్గర్లో మంట ఉండకూడదు. దేవుడి దీపం కూడా కొండెక్కాకే స్ప్రే డబ్బా తీయండి. ఫిబ్రవరిలో బెంగళూరు గాలికి ఇట్టే ఆరిపోతుంది. జూలై ముసురులో అయితే రాత్రంతా వదిలేయండి.

"ఇంత తిప్పలెందుకు, ఆన్‌లైన్‌లో క్షేత్రం చూపించే ఆకుపచ్చ ఫిల్మ్ దొరుకుతుందిగా" అని ఒకాయన నాకు క్లాసు తీసుకున్నాడు. దొరుకుతుంది, నా దగ్గరా ఒక ముక్క ఉంది. అందులో సన్నటి గుళికల్లో నూనె, ఆ నూనెలో నికెల్ రేకులు తేలుతుంటాయి. బలరేఖలు (రజను గీతలు చూపించే దారులే) ఫిల్మ్‌ని చీల్చుకుంటూ వెళ్లేచోట రేకులు నిలబడి నల్లగా కనిపిస్తాయి, ఫిల్మ్ వెంబడి పడుకున్నట్టు సాగేచోట లేతగా మెరుస్తాయి. ఫ్రిజ్‌కి అంటించే రబ్బరు మాగ్నెట్ వెనక దాన్ని ఆనించండి, చారలు చారలుగా ధ్రువాలు బయటపడతాయి. ముచ్చటే. కానీ ధ్రువాల మధ్య ఆ వంపు, ఆ విల్లు దానిలో ఏదీ? ఫెర్రోఫ్లూయిడ్ అని ఇంకోటి ఉంది, అయస్కాంతానికి అంటుకునే ద్రవం. నాసా వాళ్లు 1963లో, బరువు తెలియని చోట రాకెట్ ఇంధనాన్ని అయస్కాంతంతో కదిలించాలని తయారుచేశారు. సీసాలో చూడ్డానికి అద్భుతం. అయస్కాంతం దగ్గరికి తెస్తే ముళ్లు ముళ్లుగా లేస్తుంది. అయితే ఆ ముళ్లు బలరేఖలు కావు. అయస్కాంతం పైకి లాగుతుంటే ద్రవం ఉపరితల తన్యత, గురుత్వం వెనక్కి పట్టుకోవడం వల్ల వచ్చిన ఆకారం. చొక్కా మీద పడితే మరక జన్మలో పోదు. ఫోన్‌లో క్షేత్రం బలాన్ని కొలిచే యాప్ పెట్టుకుంటే అంకె వస్తుంది. బెంగళూరులో ఇంట్లో ఊరికే పెడితే భూమి క్షేత్రం సుమారు 40 మైక్రోటెస్లాలు చూపిస్తుంది. రజనుని కదిలించడానికి అది ఏ మూలకీ చాలదు.

ఒక్క దిక్సూచి విషయంలో మాత్రం నేను ఒప్పుకుంటాను. రజను గీతలు ఎటు నుంచి ఎటో చెప్పవు, ఉత్తర ధ్రువం ఏదో చెప్పవు. చిన్న దిక్సూచిని బొమ్మ పక్కన జరుపుతూ బాణం గుర్తులు వేస్తే ఆ లోటు తీరుతుంది. ఎగ్జిబిషన్‌లో ఎవరైనా "రెండు గీతల మధ్య ఖాళీగా ఉంది, అక్కడ క్షేత్రం లేదా?" అని అడుగుతారు. ఉంది. గింజలు గొలుసులు కట్టి పక్కవాటిని తమలోకి లాక్కోవడం వల్ల ఆ ఖాళీ వచ్చింది. మళ్లీ చల్లితే ఆ గీతలు వేరేచోట పడతాయి.

మిగిలిన రజనుని చీపురుతో ఊడవకండి. అయస్కాంతాన్ని కవర్‌లో పెట్టి నేల మీద తిప్పండి, సీసా మీద పట్టుకుని కవర్‌లోంచి అయస్కాంతాన్ని పైకి లాగండి, మొత్తం రాలిపోతుంది. సీసాలో బూట్ల డబ్బాలో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి వేసి గట్టిగా మూతపెట్టండి. నా సీసా మీద "తినేది కాదు" అని పెద్దక్షరాలతో రాశాను. మా కోడలి మిరియాల పొడి సీసా అచ్చం అలాగే ఉంటుంది.